లింగం చెప్పిన మొదటి భాగం

సూరత్‌లో, డిండోలిలో, సారక్క మెస్సుకి అన్నానికి వచ్చే తెలుగువాళ్లు ఒక నలభై మంది ఉంటారు. వాళ్లలో ఎవర్ని అడిగినా ఒకటే చెబుతారు: సీరియల్ చూడటం ఒక ఎత్తు, అదే సీరియల్ లింగం చెప్పగా వినడం ఇంకో ఎత్తు. కళ్లారా చూసినవాళ్లు కూడా మర్నాడు లింగం చుట్టూ చేరి మళ్లీ విన్న రోజులున్నాయి. మనిషికి ఒకసారి పేరంటూ వచ్చాక దాన్ని నిలబెట్టుకోవడానికి ఎంత గడ్డి తింటాడో ఈ లింగాన్ని చూసే తెలుసుకోవాలి.

లింగానికి నలభై ఆరేళ్లు. సిరిసిల్ల పక్క పల్లెటూరు. పదిహేడో ఏట రైలెక్కి ఉధ్నా స్టేషన్లో దిగాడు. అప్పట్నుంచీ ఆ స్టేషనుకి కూతవేటు దూరంలోనే మరమగ్గాలు నడుపుతున్నాడు. వాటిని వాళ్లు సాంచాలంటారు. లింగం చేతికింద ఎనిమిది సాంచాలు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఆయన నడిపితే, సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఏడు దాకా అవే ఎనిమిదింటిని బుచ్చిరాములు నడుపుతాడు. పదిహేను రోజులకొకసారి పగలు రాత్రి మార్చుకుంటారు. పన్నెండేళ్లుగా జోడీ. నీళ్లసీసా తగిలించే మేకు ఒకటే, కూలబడే స్టూలు ఒకటే. కానీ ఇద్దరూ ఒకరికొకరు కనబడేది పాళీ మారేటప్పుడు ఆ పది నిమిషాలే. సెలవు బుధవారం గనక ఆ ఒక్కరోజు మాత్రం మెస్సులో పక్కపక్కన కూర్చుని తింటారు.

కారఖానాలో వందకు పైగా సాంచాలు ఒక్కసారిగా మోగుతుంటే చెవి దగ్గర అరిచినా మాట అందదు. అందుకని అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. నెత్తి మీద టోపీ పెట్టుకున్నట్టు చూపిస్తే సేఠ్ వచ్చాడని. మీసం దువ్వితే మాస్టర్ పరుశురాం వస్తున్నాడని. చెంప కింద అరచెయ్యి పెడితే ఫలానావాడు నిద్రపోయాడని. ఈ చివరిది మాత్రం ఎవరూ సరదాకి కూడా చెయ్యరు. సాంచాల మీద కునుకు తీసేవాడన్న పేరు పడితే ఆ మనిషి పని అయిపోయినట్టే. పోగు తెగింది చూసుకోడు, తాకా, అంటే నేసిన బట్ట చుట్ట, మొత్తం గీతలు పడుతుంది, ఏ మాస్టరూ వాడికి ఎనిమిది సాంచాలు ఇవ్వడు.

లింగం విద్యంతా ఆ చేతుల్లోనే ఉంది. కిందటేడు ఒక తెలుగు చానెల్లో 'నీలిగేటు' అని సీరియల్ వచ్చింది. ఒక చిన్న టౌన్లో టీచరమ్మ పొద్దున్నే బడికని బయల్దేరి మాయమైపోతుంది. ఆమె సైకిలు కాలవగట్టున దొరుకుతుంది. ఏళ్ల తరబడి మూసి ఉన్న ఒక నీలిగేటు ఇంటి మీద అందరికీ అనుమానం. అది ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చేది. లింగం రాత్రి పాళీలో ఉన్న పదిహేను రోజులు బుధవారం మళ్లీ వేసినప్పుడు చూసేవాడు. పగటి పాళీలో ఉంటే ఆదివారమే చూసి, సోమవారం పొద్దున బుచ్చిరాములుకి సాంచాల మధ్య నిలబడి చెప్పేవాడు. గాల్లో చాక్‌పీసుతో రాస్తే టీచరమ్మ. జబ్బకి సూది గుచ్చితే ఆస్పత్రి కాంపౌండరు. కాలరు ఎగరేస్తే ఆమె మరిది. ఒక్క మాట లేకుండా అరగంట కథ పది నిమిషాల్లో తేల్చేవాడు. చివర్లో చెయ్యి తిప్పి, "ఎవడంటవు?" అని అడిగేవాడు. బుచ్చిరాములు గడ్డం గోక్కుని ఆలోచించి, కాంపౌండరనో మరిదనో చూపించేవాడు.

బుచ్చిరాములుకి యాభై ఎనిమిది. నెమ్మదస్తుడు. బటన్ల ఫోను తప్ప వాడడు. ఆ కథ మీద ఆయనకొకటే పట్టుదల. చంపింది ఎవరన్నది ఆయనకి రెండో ప్రశ్న. అసలామె చావలేదంటాడు. "సైకిలు దొరికింది గని మనిషి దొరకలే గద. దొరికేదాంక బతికున్నట్టే," అని మెస్సులో ప్రతి బుధవారం వాదించేవాడు. కుర్రాళ్లు ఏడిపించేవాళ్లు. ఆయన మాత్రం మాట మార్చలేదు. మొదటి సీజన్ చివరి భాగంలో పోలీసులు నీలిగేటు తాళం పగలగొట్టారు, ఒకడు గేటు తోశాడు, అంతే, తెర నల్లబడింది. ఎనిమిది నెలలు ఆపేశారు మహానుభావులు. ఆ ఎనిమిది నెలలూ బుచ్చిరాములు ఆ గేటు ముందే ఎదురు చూస్తూ ఉన్నాడు.

రెండో సీజన్ మొదలయ్యే ఆదివారం లింగానిది పగటి పాళీ. వచ్చిన చిక్కేమిటంటే, అంతకుముందు రాత్రి ఆయన బావమరిది పల్సానాలో ఇల్లు మారాడు. మంచాలు, బీరువా, పిండిగిర్నీ మెట్ల మీదుగా మోసేసరికి తెల్లారింది. అట్నుంచి అటే కారఖానాకి వెళ్లి పన్నెండు గంటలు నిలబడ్డాడు. ఎనిమిదిన్నరకి సారక్క మెస్సులో టీవీ ముందు ఇసకేస్తే రాలనంత జనం. లింగం వెనకాల బియ్యం బస్తాలకి చేరగిలబడ్డాడు. టైటిల్ పాట మొదలైంది. ఆ పాట సగం వరకూ ఆయనకి గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి జనం లేచి నిలబడి ఒకర్నొకరు తోసుకుంటూ అరుచుకుంటున్నారు. టీవీలో సబ్బు ప్రకటన వస్తోంది. ఒకడు కాంపౌండరే అంటాడు, ఇంకొకడు మరిదే అంటాడు, మూడోవాడు కొత్తగా వచ్చిన పోలీసాయన నవ్వు బాగాలేదంటాడు. సారక్క కూతురు లత సూరత్‌లోనే పుట్టి అక్కడే డిగ్రీ చదువుతున్న పిల్ల. ఫోన్లో జనం రాసినవన్నీ పైకి చదువుతోంది. "చూడండి, ఒకామె ఏం రాసిందో! ఇద్దరు కలిసి చేసిండ్రంట. నాకైతే సచ్చీ అనిపిస్తుంది," అంది. అంతలో ఆమె చూపు బస్తాల మీదికి మళ్లింది. "లింగం కాకా, నువ్వేమంటవు?"

అందరూ ఇటు తిరిగారు. నిద్రపోయానమ్మా అంటే ఒక్క నవ్వుతో తేలిపోయేది. కానీ లింగానికి ఇన్నేళ్ల పేరు అడ్డం వచ్చింది. సాంచాల మనిషి నోట నిద్ర అన్న మాట ఎలా వస్తుంది? పైగా మాస్టర్ పరుశురాం కూడా అక్కడే కూర్చున్నాడు. "ఇంక ఆలోచిస్తున్న. తొందరపడి చెప్పేది గాదిది," అన్నాడు లింగం, కళ్లు నులుముకోకుండా జాగ్రత్తపడుతూ. ఆహా, ఎంత లోతు మనిషి అనుకున్నారు జనం.

ఇంటికెళ్లి భార్య కరుణని అడుగుదామంటే ఆమె ఆ పూట చీరలకి రాళ్లు అంటించే పనిలో ఉంది, సీరియల్ చూడనే లేదు. సరే, పొద్దున ఎవర్నైనా కదిలించి తెలుసుకుందాం అనుకుని పడుకున్నాడు. పొద్దున ఆలస్యంగా లేచాడు. ఉరుకుల పరుగుల మీద కారఖానాకి వెళ్లేసరికి బుచ్చిరాములు అప్పటికే టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని, ఎనిమిదో సాంచా దగ్గర నిలబడి ఉన్నాడు. మిగతా రాత్రిపాళీ వాళ్లంతా వెళ్లిపోయారు. ఆయనొక్కడే ఆగాడు. లింగం కనబడగానే గాల్లో చాక్‌పీసుతో రాసి కళ్లెగరేశాడు.

లింగం చేతులు లేచాయి. ఏం చెప్పాలో ఆ చేతులకీ తెలియదు. గేటు తోశారు. లోపలికి వెళ్లారు. అక్కడిదాకా వచ్చి ఎదుటి మనిషి ముఖం చూశాడు. రాత్రంతా నిలబడి పీక్కుపోయిన ముఖం, అందులో చిన్నపిల్లల ఆత్రం. ఆ ముఖానికి ఏం కావాలో లింగానికి తెలుసు. ఇల్లంతా వెతికారు, ఎవరూ లేరు, వంటింట్లో మాత్రం పొయ్యి మీద టీ మరుగుతోంది అని చూపించాడు. పొంగుతున్న టీని వేళ్లతో చూపిస్తుంటే తనకే ముచ్చటేసింది. గోడ మీద చాక్‌పీసుతో ఏదో రాసుంది. అక్షరాలు ఆమెవే. అంటే? అని చేతులు చాచాడు.

బుచ్చిరాములు డబ్బా కింద పెట్టి రెండు చేతులూ పైకెత్తాడు. ఆ మోతలో ఆయన నోటి నుంచి వచ్చిన కేక లింగానికి వినబడలేదు గానీ, కనబడింది. లింగం భుజం మీద ఒక్కటి చరిచి, గెలిచినవాడిలా ఇంటికి వెళ్లాడు.

ఆ సాయంత్రం మెస్సులో అన్నం తింటుండగా పక్కవాళ్ల మాటల్లో అసలు సంగతి లింగం చెవినబడింది. నీలిగేటు ఇంటి పెరట్లో బావి ఉంది. బావిలో టీచరమ్మ శవం దొరికింది. మొదటి పది నిమిషాల్లోనే దొరికింది. మిగతా భాగమంతా అంత్యక్రియలు, ఏడుపులు.

మంగళవారం పొద్దున చెప్పేద్దామనే వెళ్లాడు. కానీ చెప్పనిస్తేనా? బుచ్చిరాములు ఈసారి తనే చేతులు తిప్పుతూ కథ అల్లేశాడు. ఆమె ఏదో దొంగతనం కళ్లారా చూసింది, ప్రాణభయంతో దాక్కుంది, అన్నం తెచ్చిపెడుతున్నది కాంపౌండరే, పాపం వాడు మంచివాడు. రాత్రంతా పోగులు ముడేస్తూ ఆలోచించాడట. తనతోటి రాత్రిపాళీ వాళ్లందరికీ కూడా చెప్పాడట. లింగం తలూపాడు. సాయంత్రం పాళీ మారేటప్పుడు ఇంకో అవకాశం వచ్చింది. అప్పుడూ తలే ఊపాడు. సిగ్గుమాలిన తల.

బుధవారం మధ్యాహ్నం మెస్సు నిండుగా ఉంది. సారక్క కోడికూర చేసింది. నలుగురూ తింటూ సీరియల్ దగ్గరికి వచ్చారు. మరిది శవాన్ని చూసి ఎందుకు ఏడవలేదు అని లత మొదలుపెట్టింది. బుచ్చిరాములు ముద్ద పక్కన పెట్టి నవ్వాడు.

"ఏ శవం, బిడ్డా? ఆమె లోపట టీ కాగవెట్టుకున్నది గద. గోడ మీద రాసింది గూడ. నేను ముందే చెప్పలేదా, బతికున్నదని?"

మెస్సు కప్పు లేచిపోయేలా నవ్వులు. "పాడె మీది మనిషిని లేపి టీ తాగిపిచ్చినవు గద, పెద్దాయనా!" అన్నాడు ఒకడు. ఇంకొకడు చాక్‌పీసు పట్టుకున్నట్టు గోడ మీద రాయబోయాడు. బుచ్చిరాములు ముందు వాళ్లతో పాటే నవ్వాడు. తర్వాత వాదించాడు. వాళ్లు వేళాకోళం చెయ్యడం లేదని అర్థమయ్యాక ఆయన ముఖంలో రంగు పోయింది.

"పెద్దబాపు, నీకు లింగం కాక చెప్పలేదా? కాక చూసిండు గద," అంది లత, జాలిగా.

బుచ్చిరాములు లింగం వైపు చూశాడు. అరక్షణం చూసి ఉంటాడేమో. లింగం కోడికూరలో ఎముక వెతుక్కుంటున్నాడు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట చాలు. అయినా కుక్కిన పేనులా కూర్చున్నాడు.

"చెప్పిండమ్మా, మంచిగనే చెప్పిండు," అన్నాడు బుచ్చిరాములు. "నాకే రాత్రంత కండ్లు మూతలు వడ్డయి. సరిగ్గ సూడలే. ఏం సూసిన్నో, ఏం కలగన్ననో."

పరుశురాం తినడం ఆపాడు. నలభై కూడా లేవు అతనికి, అయినా మాస్టరే. "కండ్లు మూతలు వడ్డయా?" అన్నాడు. నవ్వుతూ అనలేదు. "పోయిన వారం మీ సాంచాల మీద రెండు తాకాలు గీతలు వడ్డయి. సేఠ్ నన్ను తిట్టిండు. ఇగ తెలిసింది ఎందుకో."

ఆ గీతలు ఐదో సాంచా ఇరుసు అరిగిపోవడం వల్ల పడ్డాయి. లింగం పాళీలో కూడా పడ్డాయి. లింగానికి ఆ సంగతి కూడా తెలుసు. దాని మీద కూడా నోరు విప్పలేదు.

గురువారం సాయంత్రం నుంచి బుచ్చిరాములుకి నాలుగు సాంచాలే ఇచ్చారు. మిగతా నాలుగూ కొత్తగా వచ్చిన ఒక బిహారీ మనిషికి వెళ్లాయి. పాళీ మారేటప్పుడు లింగం చూస్తూనే ఉన్నాడు. బుచ్చిరాములు అలవాటు కొద్దీ ఎనిమిదో సాంచా దాకా నడిచాడు. అక్కడ నిలబడ్డ మనిషిని చూసి, వెనక్కి తిరిగి తన నాలుగింటి దగ్గరికి వచ్చాడు. లింగం వైపు చూసి తల పంకించాడు. మామూలుగా ఎప్పుడూ చేసినట్టే.

ఆ రాత్రి లింగం అన్నం ముందు కూర్చుని లేచిపోతే కరుణ ఊరుకోలేదు. నాలుగు రోజుల్నుంచీ మనిషి మనిషిలా లేడని ఆమెకీ అనుమానమే. అడగ్గా అడగ్గా మొత్తం కక్కాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"సీరియల్ గురించి అబద్ధం జెప్పినవు, పోనీ. ఎవలకు నష్టం?" అంది. "ఆయన నీ ముంగట తనను తాను తక్కువ జేసుకున్నడు. నువ్వు సూసుకుంట తిన్నవు. గదెట్ల తిన్నవయ్యా?"

తిన్న మాట నిజమే. మొత్తం ఆకు ఊడ్చి మరీ తిన్నాడు.

శుక్రవారం పగలంతా లింగం ఒకటే లెక్క కట్టాడు: పరుశురాంకి ఎక్కడ చెప్పాలి, ఎలా చెప్పాలి. బయట టీ బండి దగ్గర పక్కకి పిలిచి చెవిలో చెబితే నలుగురికీ తెలియకుండా పోతుందని ఒక ఆశ. సిగ్గులో కూడా మనిషి చవక దారి వెతుక్కుంటాడు. కానీ ఆ రోజు మాస్టర్ బయటికి రాలేదు. ఏడు కావస్తుండగా మూడో వరసలో ఒక సాంచా విప్పుకుని కూర్చున్నాడు. రాత్రిపాళీ వాళ్లు వస్తున్నారు, పగటిపాళీ వాళ్లు పోతున్నారు. సాంచాలు ఆగవు, మనుషులే మారతారు. హాలులో ముప్పై మంది ఉన్నారు. బుచ్చిరాములు వచ్చి తన నాలుగింటి దగ్గర నిలబడ్డాడు.

ఇంకో నిమిషం ఆగితే మళ్లీ తలూపి ఇంటికెళ్లిపోతానని లింగానికి తెలిసిపోయింది. నడిచి మాస్టర్ ముందుకి వెళ్లాడు. నోటితో చెప్పబోయాడు. పరుశురాం చెవి మీద చెయ్యి పెట్టి వినబడదన్నాడు.

ఆ హాలులో రహస్యమనేది లేదు. చేత్తో చెప్పింది ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అందరికీ కనబడుతుంది. లింగం గుండె మీద వేలు పెట్టుకున్నాడు. నేను. చెంప కింద అరచెయ్యి పెట్టాడు. నిద్రపోయాను. పరుశురాం చేతిలో పానా ఆగిపోయింది. పక్క సాంచాల వాళ్లు చూడటం మొదలుపెట్టారు. గాల్లో టీవీ గీశాడు. చాక్‌పీసుతో రాశాడు. మరుగుతున్న టీ చూపించి, అదంతా ఉత్తిదని నాలుక మీద వేలు పెట్టి చూపించాడు. బుచ్చిరాములు వైపు చెయ్యి చాచి, ఆయన కాదు, ఆయన నిద్రపోలేదు అని అడ్డంగా తలూపాడు. మళ్లీ గుండె మీద వేలు. మళ్లీ చెంప కింద చెయ్యి. అర్థమైందో లేదోనని మూడుసార్లు చెప్పాడు. చివరికి ఐదో సాంచా దగ్గరికి మాస్టర్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, అరిగిన ఇరుసు చూపించాడు.

లింగం చూసిన ఇరవై తొమ్మిదేళ్లలో ఆ హాలులో తన మీద తనే చెంపకింద చెయ్యి పెట్టుకున్నవాడు ఇంకొకడు లేడు. అందరూ నవ్వుతున్నారు. నోళ్లు తెరుచుకోవడం కనబడుతోంది, చప్పుడు మాత్రం సాంచాలదే. లింగానికి తల కొట్టేసినట్టయింది. అయినా తల దించుకోలేదు, ఎందుకంటే బుధవారం దించుకున్నది చాలనుకున్నాడు. బుచ్చిరాములు వైపు చూశాడు. ఆయన నవ్వడం లేదు. తెగిన పోగు ముడేస్తున్నాడు.

పరుశురాం మంచివాడే. ఇరుసు మార్పించాడు. శనివారం సాయంత్రం నుంచి బుచ్చిరాములు ఎనిమిది సాంచాలు బుచ్చిరాములుకి వచ్చాయి. లింగానికి మాత్రం నెలపాటు చెంపకింద అరచేతులే దర్శనమిచ్చాయి, ఎటు తిరిగితే అటు. అది ఆయనకి పట్టలేదు. ఇంకేదో మిగిలి ఉందని, అది ఆదివారం తీరిపోతుందని అనుకున్నాడు.

ఆదివారం రెండో భాగం. లింగం ముఖాన నీళ్లు కొట్టుకుని టీవీ ముందు మొదటి వరసలో, కుర్చీ కూడా వద్దని నిలబడి చూశాడు. ఒక్క దృశ్యం వదల్లేదు. ఇంటికెళ్లాక అద్దం ముందు చేతులు తిప్పి చూసుకున్నాడు. టీచరమ్మ తల్లి పాత్ర కొత్తది, ఆమెకి కొంగు నోట్లో కుక్కుకున్నట్టు చూపించాలని నిర్ణయించుకున్నాడు. ఈసారి నిజం చెబుతాడు. చచ్చిపోయిందనే చెబుతాడు. పూస గుచ్చినట్టు చెబుతాడు. దాంతో అన్నీ సరిపోతాయి.

సోమవారం పొద్దున ఏడింటికి బుచ్చిరాములు సాంచాలు అప్పజెప్పాడు. రెండోది పోగు తరచూ తెగుతోంది, ఆరోదానికి నూనె కావాలి. చెప్పాల్సినవన్నీ ఓపిగ్గా చెప్పాడు. లింగం విని, చెయ్యెత్తి గాల్లో చాక్‌పీసుతో రాయబోయాడు.

బుచ్చిరాములు ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. విడవకుండానే, మోత తక్కువుండే గుమ్మం బయటికి నడిపించాడు.

"వద్దు తియ్యి, తమ్మీ," అన్నాడు. "లతతోని మాట్లాడుకున్న. పొద్దుగాల మెస్సుకు వోతే ఆ పిల్ల చెప్తనన్నది. నువ్వు గూడ మనిషివే గద. పొద్దంత నిలవడి పని జేస్తవు. ఆదివారం పూట జర మంచిగ పండుకో."

కోపంగా అనలేదు. ఎత్తిపొడుపూ కాదు. నిజంగానే తమ్ముడి ఒంటి మీద అక్కరతో అన్నాడు. ఆ తర్వాత డబ్బా చంకన పెట్టుకుని, డిండోలి వైపు పోయే ఆటో కోసం చెయ్యెత్తాడు. ఆటో మలుపు తిరిగేదాకా లింగం అక్కడే నిలబడ్డాడు. లోపలికి వచ్చాక పక్క సాంచాల వాళ్లు కథేమైందని చేతులు తిప్పి అడిగారు. తనకి తెలియదని, పోయి లతను అడగమని చూపించాడు.